తిరుగు టిక్కెట్టు

యాత్రకు బయలుదేరిన నాటి సంగతి అందరూ వ్రాస్తారు. మూటలు కట్టడం, మంచిరోజు చూడడం, ఇరుగుపొరుగువారు వీధి మలుపుదాకా వచ్చి సాగనంపడం, ఇవన్నీ మన యాత్రారచనలలో వైనవైనాలుగా ఉంటవి. మరలివచ్చే నాటి సంగతి వ్రాసేవారు తక్కువ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణం విడిచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరారు. మా కడప, కర్నూలు సీమల మీదుగానే పోయారు. పెద్ద పరివారం ఆయన వెంట ఉన్నది. చూచినదెల్లా ఎంతో ఓపికగా వ్రాసిపెట్టిన ఆ మహనీయుని గ్రంథంలో, అయిదేండ్ల మనవరాలు ఒకతె "నేను ఇంటికి రాను" అని నేలమీద దొర్లి ఏడ్చిన ఘట్టం మాత్రం నాకు కనబడలేదు. ఆ కొరత నేను తీర్చవలసి వచ్చింది.

మాది కోసిగి. ఆదోనికి ఉత్తరంగా, మదరాసు నుంచి బొంబాయికి పోయే పాత రైలుదారి మీద ఉన్న ఊరు. 1871లో రెండు దిక్కుల నుంచి వేసుకొంటూ వచ్చిన పట్టాలు రాయచూరు దగ్గర కలుసుకొన్న నాటి నుంచి మా ఊరి పక్కగా రైళ్లు పోతూనే ఉన్నవి. ఆగేవి మాత్రం కొన్నే. 1953 అక్టోబరు 1వ తేదీకి ముందు మేము బళ్లారి జిల్లావాళ్లం. అందుచేత మా వీధులలో తెలుగు మాట సగంలో కన్నడంలోకి తిరిగి, మళ్ళీ తెలుగులోకి వచ్చి ముగుస్తుంది. ఊరిచుట్టూ గుండ్లు, ఎవరో పేర్చి మరచిపోయినట్లు ఒకదానిమీద ఒకటి నిలిచిన పెద్ద పెద్ద గుండ్లు. వాటి నడుమ నేల. వాన పడితే పైరు, పడకపోతే దుమ్ము. సముద్రమనేది మాకు నాలుగో తరగతి వాచకంలోని బొమ్మ.

మా పెద్దవాడు మారిషస్ దీవిలో ఎబెన్ అనే చోట కంప్యూటర్ల ఉద్యోగంలో ఉన్నాడు. రెండేండ్ల ఒప్పందం. ఈ ఒప్పందమనే మాటను చదువరులు కొంచెం జ్ఞాపకం ఉంచుకోవలెను, దానితో మళ్ళీ పని పడుతుంది. నిరుడు దసరా సెలవులకు వాడు టిక్కెట్లు పంపి రమ్మన్నాడు. నేను, మా ఇల్లాలు, మా అమ్మాయి, అల్లుడు, వాళ్ల పిల్లలిద్దరు బయలుదేరాము. అమ్మాయి మా ఊళ్లోనే ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. మనవడికి తొమ్మిదేండ్లు, తల్లి పనిచేసే బడిలోనే చదువు. మనవరాలికి అయిదు. ఆదోనిలో రైలెక్కి ముంబయి చేరి, అక్కడ విమానమెక్కితే ఆరు గంటల ప్రయాణం. దిగగానే అక్కడి అధికారి ముందుగా అడిగినది తిరుగు టిక్కెట్టు. ఎప్పుడు పోతారో చూపందే లోనికి రానివ్వరు. ఆ కాగితాల సంచి మనవడి మెడలో వేసి ఉన్నాము. వాడు మొనగాడివలె ముందుకు నడిచి, ఆరు కాగితాలూ బల్లమీద పరచాడు. అధికారి నవ్వి ముద్ర కొట్టాడు. ఆనాటి నుంచి ఆ సంచి వాడు నిద్రలో కూడా విడువలేదు.

దీవిని గూర్చి నాలుగు మాటలు చెప్పి ముందుకు సాగుతాను. మడగాస్కర్‌కు తూర్పున, హిందూమహాసముద్రంలో, సుమారు 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు గల అగ్నిపర్వతపు గడ్డ అది. డచ్చివారు తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. అక్కడ తప్ప మరెక్కడా లేని డోడో అనే ఎగురలేని పక్షి వారి కాలంలోనే, పదిహేడవ శతాబ్దంలో, నశించింది. తరువాత ఫ్రెంచివారు వచ్చి ఫ్రాన్సు దీవి అన్నారు. 1810లో ఇంగ్లీషువారు గెలిచి పాత పేరునే తిరిగి పెట్టారు. 1968 మార్చి 12న ఆ దేశం స్వతంత్రమైనది. గడియారం మనకంటె గంటన్నర వెనుక. డబ్బు పేరు మాత్రం మనవలెనే రూపాయి. నోటు మీద ఇంగ్లీషుతోపాటు తమిళంలోను, నాగరిలోను విలువ వ్రాసి ఉంటుంది. తెలుగు పంతులను గదా, నోటు చేతికి రాగానే ముందూ వెనుకా తిప్పి చూచాను. మన అక్షరం లేదు. ఉన్నట్లయితే ఆ నోటును ఖర్చు పెట్టకుండా ఇంటికి తెచ్చుకొని ఉండేవాణ్ణేమో!

ఎనిమిది రోజులూ ఎట్లా గడిచినవో చెప్పను. సెలవులు సుఖంగా గడిస్తే చెప్పడానికేమీ ఉండదు. కడపటి రోజు సంగతి వేరు.

ఆనాటి తెల్లవారుజామున లేచేసరికి ఇంట్లో రెండు పెట్టెలు తెరిచి ఉన్నవి. మా ఇల్లాలు ఒకదానిలో సర్దుతూంటే మనవరాలు రెండవదానిలోనుంచి తీసి బయట పెడుతున్నది. పెట్టె నిండకపోతే ప్రయాణం ఉండదని ఆ పిల్ల సిద్ధాంతం. ఒక గౌను మూడుసార్లు లోపలికి పోయి మూడుసార్లు బయటికి వచ్చింది. "ఇంటికాడ నీ మేకపిల్ల ఎదురుచూస్తాంది గదే" అని అవ్వ ఆశ పెట్టింది. "దాన్నే ఇక్కడికి రమ్మను" అని జవాబు. అప్పుడే నేలమీద దొర్లడం మొదలయింది. ఆ దొర్లడంలో మంచం కింద దాచిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి బయటపడింది.

డబ్బా మనవడిది. నిండా పగడపు ముక్కలు, తెల్లనివి, ఎముక ముక్కలవలె చిల్లులు పడ్డవి. ఎనిమిది రోజులుగా ఒడ్డున ఏరి దాచుకొన్నాడు. "ఎవరికిరా ఇవి?" అని తల్లి అడిగితే, బడిలో తన పక్కన కూర్చునే సావాసగాడికి అన్నాడు. "వానికి సముద్రం తెల్దు. చూపిస్తానని చెప్పిచ్చినా."

మా పెద్దవాడు డబ్బా చూచి తల అడ్డంగా ఊపాడు. "ఇవి ఏరగూడదురా, దేశం దాటించనే గూడదు. ఈడ చట్టం ఒప్పదు."

"చచ్చిపోయినవే గదా మామా?"

"చచ్చినవైనా అంతే."

మనవడు వాదించలేదు. అధికారి ముందు కాగితాలు పరచి ముద్ర వేయించుకొన్నవాడు గదా, చట్టమంటే వాడికి గౌరవం కలిగి ఉన్నది. అయితే ముక్కలను చెత్తబుట్టలో వేయనన్నాడు. ఎక్కడివి అక్కడే వేయవలెనట. కనుక మధ్యాహ్నం రాజధానికి పోవలసినవాళ్లం, పొద్దున్నే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అనే ఒడ్డుకు మళ్ళీ పోయాము.

ఆ ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు. దూరాన పగడపు దిబ్బల గోడ ఒకటి నీటిలో ఉన్నది. మహాసముద్రపు అలలన్నీ అక్కడే విరిగి తెల్లని గీతగా కనిపిస్తవి. ఇవతల నీళ్లు మన చెరువు నీళ్లవలె నిలకడగా ఉంటవి. మనవడు మోకాటిలోతున నిలిచి ఒక్కొక్క ముక్కనే లెక్కపెడుతూ విసిరాడు. చెల్లెలు ఒడ్డున నిలిచి లెక్క అందుకొంటున్నది. నలభై రెండో, నలభై మూడో దగ్గర లెక్క తప్పి, తానూ ఏదో విసరవలెనని తన చెప్పు విసిరింది. అల్లుడు ప్యాంటు మడిచి నీళ్లలో దిగి దాన్ని తెచ్చాడు. ఆనాడు మా గుంపులో ఏడవనిదీ, నవ్వనిదీ ఆ చెప్పు ఒక్కటే.

వట్టి డబ్బా పట్టుకొని కారులో కూర్చున్న మనవడి ముఖం చూచి మామ ఒక రూపాయి బిళ్ల ఇచ్చాడు. "ఇది మీ సావాసగానికి. ఇదీ రూపాయే, కాని వేరే దేశంది. దీనికి చట్టం అడ్డం రాదు." ఆ దేశపు తొలి ప్రధాని శివసాగర్ రాంగూలాం గారి ముఖం దానిమీద ఉన్నది. వాడు బొమ్మ, బొరుసు చూచి, టిక్కెట్ల సంచిలో వేసుకొన్నాడు.

పోర్ట్ లూయీ నగరంలో వీధి పక్కన నిలబడి భోజనం చేశాము. మెత్తని పప్పు పొడి కూరి కాల్చిన పల్చని రొట్టెలు, రెండేసి ఒకటిగా చుట్టి కాగితంలో ఇస్తారు. వాటి పక్కనే చిన్న చిన్న వడలు. పేరు ఫ్రెంచిలో మిరపకాయ కేకు అని అర్థమట. నమిలి చూస్తే మా బస్టాండులో అమ్మే పప్పువడయే, ఉల్లిగడ్డ తగ్గిందంతే. ఒక వంటకం సముద్రం దాటి, పేరు మార్చుకొని, రుచి మార్చుకోకుండా ఉండగలదని నాకు అప్పుడు తెలిసింది.

భోజనం ముగించి రేవు దగ్గరి ఆప్రవాసీ ఘాట్‌కు నడిచాము. పిల్లలను చివరి రోజున పాత గోడల దగ్గరికి తీసుకుపోవడం తగునా అని మా ఇల్లాలు ముందే అడిగింది. తగునో తగదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు చూడవలెనని ఉన్నది, అదే అసలు సంగతి.

మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. చెరుకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. ఇంగ్లీషు ప్రభుత్వం ఒక కొత్త పద్ధతిని ప్రయోగించి చూడదలచి, దానికి గొప్ప ప్రయోగమని పేరు కూడా పెట్టింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తెచ్చి ఆ రేవులో దించింది. వారు అయిదేండ్ల ఒప్పందం మీద వచ్చినవారు. మగవానికి నెలకు అయిదు రూపాయల జీతం. ఆ 36 మంది తరువాత 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఈ దారినే వచ్చారు. ఇక్కడ జరిగిన ప్రయోగం ఫలించిందని చూచి, ఇదే ఒప్పందం మీద ఫిజీకి, నేటాలుకు, ట్రినిడాడుకు, గయానాకు మనవారిని పంపారు. వారు దిగిన చోట 1849లో కట్టిన కొట్టాల శిథిలాలే ఇప్పటి ఘాట్. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. నవంబరు 2 ఆ దేశంలో సెలవు దినం.

కట్టడం పెద్దది కాదు. మా ఊరి చావడి అంతటి గదులు కొన్ని, ఆసుపత్రి భాగం, వంటిల్లు, కావలివాని గది, నల్లరాతి గోడలు. అన్నిటికంటె ప్రసిద్ధమైనవి మెట్లు. పదహారు. ఓడ దిగిన ప్రతివాడూ ఆ పదహారు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాడు. ఒకటి రెండు రోజులు కొట్టంలో పడుకొని, తరువాత ఏ తోటకు చీటీ పడితే ఆ తోటకు పోయేవాడు. మనవరాలు లెక్కపెట్టి పదహారని సరిచూచింది. ఈసారి లెక్క తప్పలేదు.

ప్రదర్శనశాలలో పాత ఛాయాచిత్రాలు ఉన్నవి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, ఊరు అన్నీ ఇంగ్లీషు గుమాస్తాలు పెద్ద పుస్తకాలలో వ్రాసి ఉంచారు. ఆ పుస్తకాలు ఇప్పుడు మోకా అనే ఊళ్లో, 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నవి. 1860ల నుంచి ఛాయాచిత్రాలు కూడా తీయసాగారు. చిత్రాలలో స్త్రీలున్నారు, పిల్లలున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ రోజులలో ఛాయాచిత్రానికి ఎవరూ నవ్వేవారు కాదని అల్లుడన్నాడు. అది నిజమే కావచ్చు.

మనవడు ఒక చిత్రం ముందు చాలాసేపు నిలిచాడు.

"తాతా, వీళ్లకు ఎన్ని దినాలు సెలవులు?"

"సెలవులు కాదురా. పనికి వచ్చినారు. అయిదేండ్లు."

"పనికి రాకపోతే?"

"ఒక దినం రాకపోతే రెండు దినాల కూలి కోసేవాళ్లు."

వాడు మనస్సులో లెక్క వేశాడు. "అట్లయితే జీతమే మిగలదు గదా." తరువాత తన సంచి తడుముకొని అడిగాడు: "వీళ్లకు తిరుగు టిక్కెట్టు ఉండెనా?"

తొమ్మిదేండ్లవాడు ఇంత సూటిగా అడుగుతాడని నేను అనుకోలేదు. మొదటి కాలంలో ఒప్పందం ముగిసినవానికి తిరుగు ప్రయాణం ఉచితమే. 1850ల తొలి సంవత్సరాలలో దానిని ఎత్తివేశారు. పోదలచినవాడు సొంత డబ్బుతో పోవలె. వచ్చినవారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులవారు ఆ దీవిలోనే ఉండిపోయారు. ఇదంతా వానికి తగ్గ మాటలలో చెప్పాను. విని ఊరుకొన్నాడు. ఆ ఊరుకోవడం చూచి నా ప్రసంగం ఫలించిందనుకొన్నాను. కళాశాలలో కూడా ఎవరూ ప్రశ్నలు వేయకపోతే పాఠం బాగా అర్థమయిందనుకోవడం మాకు అలవాటే గదా.

అక్కడే ఒక పెద్దామె కలిసింది. మా మాటలు విని దగ్గరికి వచ్చి, "మీది ఏ ఊరు?" అని ఒక్కొక్క అక్షరం తూచినట్లు అడిగింది. ఇంట్లో మాట్లాడుకొనేది క్రియోల్ భాషే. బడిలో నేర్చుకొన్న తెలుగు అంతవరకే వచ్చునట. మా పెద్దవాడు మాటలు కలిపి అటూ ఇటూ చెప్పాడు. ఆ దీవికి తెలుగువారు మొదట గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు గనుక, వారిని చాలాకాలం కోరంగివాళ్లనే పిలిచారు. 1839 తుపానులో ఆ రేవు సర్వనాశనమైనా, బర్మాలోను, మారిషస్‌లోను ఆ పేరు మాత్రం బ్రతికింది. విశాఖ, గంజాం దిక్కు నుంచి కూడా వచ్చారనడానికి ఋజువు వారి పూజలే. ఆ దీవిలో ఈనాటికీ సింహాద్రి అప్పన్నకు దీపం పెట్టి, చుట్టూ ఆడుతూ పాడుతారు. అమ్మోరి పండుగ చేస్తారు. ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగినవి.

పెద్దామె తన ఫోనులో ఒక కాగితపు ప్రతి చూపింది. ముత్తాత తండ్రి తాలూకు నమోదు. సంఖ్య ఉన్నది, విశాఖపట్నం జిల్లా అని ఉన్నది, దాని కింద ఊరిపేరు ఏడెనిమిది ఇంగ్లీషు అక్షరాలలో. ఈ ఊరు ఎక్కడ ఉన్నదో చెప్పగలరా అని అడిగింది. తెలుగు బోధించేవాడినని విని ఆశతో అడిగింది పాపం. నేను కళ్లద్దాలు సవరించుకొని చదివాను. దీర్ఘమేదో, హ్రస్వమేదో తెలియదు. అది డకారమో, రేఫమో, ళకారమో తెలియదు. గుమాస్తా చెవికి ఎట్లా సోకితే అట్లా వ్రాశాడు. మూడు రకాలుగా పలికి చూచాను. మూడూ ఊళ్లే కావచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు. ముప్పయి ఏండ్లుగా ఛందస్సు, వ్యాకరణం చెబుతున్నాను గాని, ఆ ఎనిమిది అక్షరాలను ఒక ఊరుగా మార్చలేకపోయాను. ఆమె "ఫరవాలేదు" అన్నట్లు నవ్వి, మనవరాలి బుగ్గ నిమిరి, మూడు పేర్లనూ కాగితం మీద తెలుగులో వ్రాసిమ్మన్నది. వ్రాసి ఇచ్చాను. మడిచి చేతిసంచిలో దాచుకొన్నది.

అక్కడికి ఎవరెవరో వచ్చిపోయారు. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి కస్తూరిబాతోను, పిల్లలతోను స్వదేశానికి వస్తూ ఈ పోర్ట్ లూయీలో సుమారు మూడు వారాలు ఆగారు. చిన్నవాడు దేవదాసుకు అప్పటికి రెండేండ్లు నిండలేదు. ఆ ప్రయాణంలో పిల్లలను ఎట్లా సముదాయించుకొన్నారో మనకు తెలియదుగాని, ఆయన అక్కడి కూలీలకు చెప్పిన మాట తెలుసు. మీ పిల్లలను చదివించుకోండి అని. ఆ దేశం తన స్వాతంత్ర్య దినంగా మార్చి 12ను, దండి యాత్ర మొదలైన తేదీని, ఎంచుకొన్నది.

సాయంత్రం విమానాశ్రయానికి బయలుదేరాము. దీవికి ఆగ్నేయ భాగాన ఉన్నది అది. దారికి ఇరుపక్కలా చెరుకు. కోతల కాలం, కొన్ని చేలు ఖాళీ అయినవి. ఖాళీ చేల నడుమ నల్లరాళ్ల కుప్పలు, కొన్ని ఇంటెత్తు, అంచెలంచెలుగా పేర్చినవి. అగ్నిపర్వతపు నేల గనుక ఎక్కడ తవ్వినా రాళ్లే. మొదట బానిసలు, తరువాత ఒప్పందపు కూలీలు చేతులతో ఏరి, నెత్తిన మోసి, ఆ గుట్టలు పెట్టారు. నేల చదునైన తరువాతనే చెరుకు. మా ఇల్లాలు అంతదాకా ఏ చరిత్రనూ పట్టించుకోలేదు. ఆ కుప్పలు చూచి మాత్రం, "మన చేన్లలో మాదిరే ఏరిపెట్టినారే" అన్నది. ఆమె పుట్టింటివారిది ఎర్రనేల, ఏటా దుక్కికి ముందు గట్టుమీదికి రాళ్లు మోసిన ఇల్లు.

కారులో చీకటి పడుతున్నది. చెల్లెలు నిద్రపోయింది. అప్పుడు మనవడు, పొద్దున ఆగిన మాటను సాయంత్రం అందుకొన్నట్లు, తల్లిని అడిగాడు.

"అమ్మా, సుగ్గికి పోయేవాళ్లకు తిరుగు టిక్కెట్టు ఉంటుందా?"

ఈ మాట కోస్తా చదువరులకు కొత్త కావచ్చు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం, కోతల పండుగ. మా ఆదోని సీమలో ఆ మాటకు పండుగ అర్థం పోయింది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం ప్రాంతాల బీదసాదలు, వాన తప్పి చేను ఎండిపోతే, ఇంటికి తాళంపెట్టి, గిన్నెలు మూటగట్టి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు, పలనాటి దిక్కుకు పత్తి తీతకు, మిరప కోతకు పోతారు. దానినే సుగ్గికి పోవడమంటారు. దసరా, దీపావళి దాటితే మొదలు. ఉగాదికి తిరిగి వస్తారు. పిల్లలు బడి విడిచి పోకుండా ప్రభుత్వం వలసకాలపు హాస్టళ్లు నడుపుతున్నది. కొందరు పిల్లలు వాటిలో నిలుస్తారు. తల్లిని విడిచి ఉండలేనివారు, తమ్ముణ్ణో చెల్లెలినో చేనిగట్టున ఆడించవలసినవారు నిలువరు. హాజరు పట్టీలో ఆ పేర్ల పక్కన వరుసగా పడే సున్నాలు మా అమ్మాయికి కంఠస్థం.

ఆమె కొంచెంసేపు కిటికీలోనుంచి చూచింది. "వాళ్లకు టిక్కెట్టెవరు కొంటార్రా. లారీలో పోతారు, ట్రాక్టర్లో పోతారు. మేస్త్రీ ముందే డబ్బిచ్చి ఉంటాడు. అది తీరినాక వస్తారు."

"వాడు కూడా పోతాడా?"

"పోయినేడు పోలేదు గదా. ఈయేడు వాన చూస్తివి గదా."

మనవడు మరి ఏమీ అడగలేదు. ముందు సీటులో మా పెద్దవాడు కారు నడుపుతున్నాడు. వాడి ఒప్పందం ఇంకా పదకొండు నెలలు ఉన్నది. వాడికి తిరుగు టిక్కెట్టు కంపెనీయే ఇస్తుంది. ఆ సంగతి ఆ క్షణాన ఎవరమూ ఎత్తలేదు.

విమానాశ్రయంలో చేసిన అప్పగింతలు వర్ణించను. ఏ రైలుస్టేషనులో చూచినా అవే. మా ఇల్లాలు కొడుకు చేతిలో ఊరగాయ జాడీ ఖాళీది పెట్టి, "వచ్చేటప్పుడు తెచ్చియ్యి" అన్నది. జాడీ కోసం కాదు. మనవరాలు మామ కొనిచ్చిన డోడో పక్షి బొమ్మను కావలించుకొని నిద్రలోనే విమానమెక్కింది.

ముంబయిలో పగలంతా గడిపి రైలెక్కి, మరునాడు పొద్దున్నే ఆదోనిలో దిగాము. బడులు తెరవడానికి ఇంకా ఒక రోజు ఉన్నది. ప్లాట్‌ఫారం మీద, గుంతకల్లు వైపు పోయే బండి కోసం, మూటలతో పదిపన్నెండు కుటుంబాలు కూర్చుని ఉన్నవి. గిన్నెలు, దుప్పట్లు, నీళ్ల క్యాన్లు, ఒక గంపలో కోళ్లు. మనవరాలి ఈడు పిల్ల ఒకతె పసివాణ్ణి చంకన వేసుకొని నిలబడి ఉన్నది. డోడో బొమ్మ వైపు చూచింది. అది ఏ పక్షో తెలియక కాబోలు చాలాసేపు చూచింది. మనవరాలు బొమ్మను గట్టిగా హత్తుకొన్నది. "ఒకసారి చూపియ్యమ్మా" అన్నాను. చూపలేదు. నేను మళ్ళీ అడగలేదు. మా బండి కూలీవాడు పెట్టెలెత్తి తొందర చేశాడు.

ఇంటికి చేరి కాళ్లు కడుక్కోకముందే మనవడు రూపాయి బిళ్ల తీసుకొని వీధిలోకి పరుగెత్తాడు. నేను వెనుకనే పోయాను. నాలుగు ఇండ్ల అవతల సందులో ఆ సావాసగాడి ఇల్లు. తలుపుకు తాళం. అరుగు మీద కుక్క పడుకొని ఉన్నది. పక్కింటి అవ్వ చాటలో కొర్రలు చెరుగుతూ చెప్పింది:

"మొన్ననే పోయిరి సామీ. గుంటూరు దిక్కు పత్తి తీసేకి. పిల్లోన్ని హాస్టల్లో ఇడుస్తామనిరి గాని, వాడు ఉండనని ఏడ్సె. ఉగాదికి వస్తారు."

ఇంటికి వచ్చినాక మనవడు గోడ దగ్గరికి కుర్చీ లాక్కొని, ఎక్కి, క్యాలెండరు కాగితాలు తిరగేశాడు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు.

"ఉగాది ఏదీ తాతా?"

"అది వచ్చే యేటి క్యాలెండరులో ఉంటుంది నాయనా. ఇంకా రాలేదు."

వాడు కుర్చీ దిగి, మెడలోని సంచి మొదటిసారిగా తీసి కొక్కానికి తగిలించాడు. రూపాయిని పెన్సిళ్ల డబ్బాలో వేసి మూత నొక్కాడు.